సగంలో ఆగిన సాలు

ఆళ్లగడ్డ బస్టాండులో నంద్యాల బస్సు ఇంకా కదలలేదు. కిటికీ పక్కన కూతురు ఎస్తేరు, ఇవతల తల్లి హన్నమ్మ. బస్సు కంటే ముందు హన్నమ్మ భయం బయలుదేరింది.

“ఈ బస్సు సిరివెళ్ల దాటకముందే యాడో ఒకతావ నిలబడిపోతాది, చూడు. నాకు తెలుస్తానే ఉండాది.”

“ఇంకా కదలనే లేదు కదమ్మా.”

“కదలకముందే చెప్తాండా. ఆ డ్రైవరు కండ్లు చూసినావా? రాత్రంతా నిద్ర ల్యానోడి కండ్లు. నీ రైలు తప్పిపోతాది. తప్పిపోతే గుంతకల్లులో బెంగళూరు రైలు గూడా అందదు. ఒక్కదానివి యాడ పడుకుంటావ్?”

“రైలు సాయంత్రానికి. ఇప్పుడు పదకొండు గూడా కాలేదు. ఇంత బేగా బయలుదేరదీసింది నువ్వే.”

“మీ నాయన మాదిరి ఇస్కూలు గంట కొట్టినాక చెప్పులు ఎతుక్కునే మనిషిని కాను నేను. ఆ సంచి ఇట్లియ్యి.”

“నా వొళ్లోనే ఉండనీమ్మా.”

“బరువు గదా.”

“రెండు చీరలు, ఒక ఊరగాయ సీసా. ఏం బరువు?”

“ఊరగాయ నూనె కారితే? దాంట్లోనే ఉండాదా ఆ కవరు?”

“ఏ కవరు?”

“అదే, ఫోటో కవరు. నువ్వు తెచ్చినావే.”

“అడుగున ఉంది. రెండు అట్టల మధ్య పెట్టి నేనే అంటించినా. నూనె అంటదులే.”

“మళ్లా తెరిచి చూసుకున్యావా?”

“వచ్చిన రోజు నీకు చూపించినాక ముట్టుకోలేదు. వేలు తగిలినా మరక పడతాది. ఎందుకు?”

“ఏం లేదు. తెరవద్దులే. ఈడ అంతా దుమ్ము. అదో, కదిలింది. ప్రభువా, నీదే భారం. ఓ డ్రైవరన్నా! మెల్లగా పోనీ! పిల్లోళ్లు గలోళ్లం!”

“అమ్మా, అందరూ చూస్తాండారు.”

“చూడనీ. పానం పోయినాక ఎవురూ చూడరు.”

“నిన్న నంద్యాల పోయినావే, పంటి డాక్టరు ఏమన్నాడు?”

“ఎవురు?”

“పంటి డాక్టరు. పన్ను సలుపుతాందని నన్ను గూడా రావద్దని పోయినావే.”

“ఆ... ఏమన్లేదు.”

“పీకుతానన్నాడా?”

“తర్వాత రమ్మన్నాడు.”

“పొద్దున పోయి చీకటిపడినాక వచ్చినావ్. తర్వాత రమ్మనేదానికి అంతసేపా? ఏ పన్ను?”

“ఏదో ఒక పన్ను. నోట్లో పన్ను పేర్లు పెట్టి పిలుచుకుంటామా? నువ్వు నా సంగతి ఇడిసిపెట్టు. నీ సంగతి చెప్పు. మీ ల్యాబ్‌లో ఆ మిషను కరెంటు ఎంతన్యావ్?”

“మళ్లానా? ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు రెండు లక్షల ఓల్టులు.”

“మనింట్లో బలుబుకే మీ నాయన చెక్కపలక మీద నిలబడి స్విచ్చి ఏస్తాడు. రెండు లక్షలు! నువ్వేమో చీకటిగదిలో ఒక్కదానివి. ఏమన్నా అయితే ఎవురు చూస్తారు?”

“కరెంటు లోపల ఉంటాది. నేను బయట ఉంటా. పచ్చగా వెలిగే చిన్న తెర, దాన్ని చూస్తా కూర్చుంటా. అంతే.”

“చూసి చూసి కండ్లు పోతే?”

“పోవు.”

“ఊపిరి గూడా బిగబట్టుకోని చూస్తామన్యావే మొన్న.”

“ఫోటో తీసేటప్పుడు మాత్రమే. రోడ్డు మీద లారీ పోయినా బొమ్మ వణుకుతాది. గట్టిగా మాట్లాడినా వణుకుతాది. అందుకే మాట్లాడకుండా, కదలకుండా.”

“నేనైతే ఆడ చచ్చిపోతా.”

“నిన్ను ఆ వరండాలోకే రానియ్యరులే. బొమ్మలన్నీ పాడైపోతాయి.”

“నవ్వు. బాగా నవ్వు.”

“ఊరికే అన్యాలేమ్మా.”

“టికెట్, టికెట్! యాడికమ్మా?”

“నంద్యాలకు రెండు. కండక్టరప్పా, మీ డ్రైవరుకు చెప్పు, మలుపుల్లో కొంచెం నిదానంగా...”

“నిదానంగా పోతే రైలు తప్పిందంటారు, గట్టిగా పోతే పానం పోయిందంటారు. ఏదో ఒకటి చెప్పమ్మా.”

“ఎకసెక్కం జూడు ఈయప్పకు. ఎస్తేరూ, మీ ల్యాబ్ సారు కోపిష్టి మనిషా?”

“కాదు. ఎందుకు?”

“అడుగుతాండా. సోమవారం ఆ పెద్దోళ్లు వచ్చి కూర్చుంటారంటివే. వాళ్లు?”

“వాళ్లెవరో నాకూ తెలియదు. ముగ్గురు వస్తారు. ఫోటో చూస్తారు, ప్రశ్నలడుగుతారు. నచ్చితే ఇంకో రెండేండ్లు ఉండి చదువు పూర్తి చేయమంటారు.”

“నచ్చకపోతే?”

“జూన్‌తో సరి. మూటముల్లె సర్దుకుని ఆళ్లగడ్డకు.”

“అంతేనా? అంతమాట అంటారా? నాలుగేండ్లు కష్టపడిన పిల్లను?”

“నచ్చుతాదిలేమ్మా. ఆ ఫోటో ఉన్నంతవరకు నాకు బయం లేదు.”

“ఇంకోటి యాడన్నా పెట్టినావా? బీరువాలో గానీ?”

“ఏది?”

“ఆ ఫోటోనే. ఇంకో కాపీ.”

“లేదు. ఒక్కటే.”

“ఫిల్ము ఉంటాది గదా? పెండ్లి ఫోటోలకు ఉన్నట్టు.”

“మొదటి ప్రింటు తీసినాక ఫిల్మును మళ్లా కడుగుతాంటే చెయ్యి జారి వేడినీళ్లలో పడింది. పైపూత కరిగిపోయింది. ఆ రోజు నేను అన్నం తినలేదు.”

“మళ్లా మిషను కింద పెట్టి తీసుకోకూడదా?”

“ఏది పెట్టేది? రేకు ముక్కను యాసిడ్‌తో పలచన చేసుకుంటా పోతాం, నడిమధ్య చిల్లు పడేదాకా. ఆ చిల్లు అంచు మాత్రమే కనిపిస్తాది మిషనులో. ఊదితే ఎగిరిపోయేంత పలచన. బయటికి తీస్తాంటే ఆ అంచే తునిగిపోయింది. అట్లాంటిది ఇంకోటి దొరికేదానికి నాలుగు నెలలు పట్టొచ్చు, నాలుగేండ్లు పట్టొచ్చు. అందుకే చెప్తాండా. ఇంకోటి బీరువాలో లేదు, భూమ్మీద యాడా లేదు.”

“అంత విలువైనదాన్ని మరి బస్సుల్లో ఏసుకోని తిరుగుతారా ఎవరైనా?”

“సారు గూడా వద్దనే అన్నాడు. దాచిపెట్టుకోని తెచ్చినా.”

“ఎందుకు తెచ్చినట్టు?”

“నీకు చూపించేదానికి.”

“నాకా?”

“ఉత్తరం రాసినప్పుడల్లా ‘చీకట్లో ఏం చేస్తాండావ్, ఏం చేస్తాండావ్’ అంటావు గదా. ఇదీ నేను చేసేది అని చూపిద్దామనుకున్యా. పరమాణువులు అంటే ఏందో మా అమ్మ గూడా కంటితో చూడాలని.”

“చూసినా లే. చుక్కలు.”

“ఒక్కో చుక్క ఒకదాని వెనక ఒకటి నిలబడిన పరమాణువులు. ఇస్కూల్లో ప్రార్థనకు పిల్లోళ్లు వరుసలో నిలబడితే ముందునుంచి ఒక్క తలే కనిపిస్తాది చూడు, అట్ల. చెప్పే లోపల నాకు నిద్ర ముంచుకొచ్చింది. నువ్వేమో తెల్లారేదాకా దీపం పెట్టుకోని దాన్నే చూస్తా కూర్చున్యావని నాయన చెప్పినాడు.”

“ఎస్తేరూ, ఒక మాట అడుగుతా. కోపం తెచ్చుకోకూడదు.”

“అడుగు.”

“ఆ చుక్కలు శెనక్కాయ ఇత్తినట్టు సాళ్లు సాళ్లుగా ఉండాయి గదా. ఒక సాలు మాత్రం పైనుంచి వచ్చి నడిమిట్ల ఆగిపోయింది.”

“అబ్బ! చూసినావా నువ్వు? దాన్ని చూసినావా?”

“చూడకుండా ఎట్లుంటా? ఇత్తనాలు ఏసే గొర్రు ఎనకాల నడిచినదాన్ని. గొట్టం పూడుకుపోతే సాలు అట్లనే ఆగిపోతాది. మా నాయన చర్నాకోల తీసుకునేటోడు. అందుకని అడుగుతాండా. తప్పుండాది గదా దాంట్లో. ఆ ముగ్గురూ తప్పు చూసి ఏమంటారు?”

“ఎగిరి గంతేస్తారు.”

“ఏందీ?”

“దానికోసమే గదమ్మా ఇంత తిప్పలు! అన్ని వరుసలూ తిన్నగా ఉన్న బొమ్మలు మా ల్యాబ్‌లో కట్టలు కట్టలు ఉండాయి. ఎవురికి కావాల? ఈ సగంలో ఆగినదే కావాల. నీ గంటె వంగుతాది గదా, ఎందుకు వంగుతాది? లోపల ఇట్లాంటి సగం వరుసలుంటాయి, బలం పడితే అవి పక్కకు జరుగుతాయి, ఇనుము వంగుతాది. అది జరగకుండా ఎట్ల ఆపాలనేదే నా పని. దాని పక్కనున్న సాళ్లు ఎంత వంగినాయో ఏడాది కొలిచినా.”

“తప్పుంటేనే... మెచ్చుకుంటారా?”

“తప్పు కాదమ్మా. అది ఉన్నదే అట్ల.”

“ఒకవేళ... ఊరికే అంటాండా... ఎవరైనా దాన్ని దిద్దితే?”

“దిద్దేదేంది?”

“మంచిగా. ఎవురికీ తెలియకుండా నింపితే.”

“దిద్దితే దొంగసరుకు. నేనే చుక్కలు పెట్టుకున్యానంటారు. ఈ ఒక్కటే కాదు, నాలుగేండ్లలో నేను తీసిన ప్రతిదీ దొంగదే అంటారు. ఎందుకడుగుతాండావ్?... అమ్మా, యాడికి లేస్తాండావ్? బస్సు పోతాంది!”

“ఓ డ్రైవరన్నా! ఏంది ఈ నడక, ఎద్దులబండా ఇది? తొక్కప్పా! గట్టిగా తొక్కు!”

“యామ్మా! నువ్వే గదా ఇందాక మా డ్రైవరును మెల్లగా పోనియ్యమన్నది!”

“కండక్టరప్పా, నీకు దండం పెడతా, నంద్యాలకు బేగా పోనియ్యి. నా బిడ్డ పని ఉండాది.”

“కూర్చోమ్మా. పడతావ్. ఏమైంది నీకు? చెమట పడుతాంది. పన్నా?”

“పన్ను లేదు, పాడు లేదు. దిగినాక కరుణాకర్ స్టూడియోకు పోదాం.”

“ఫోటో స్టూడియోకా? ఎందుకు?”

“ఆయప్ప బో మంచోడు. మన మరియమ్మ పెండ్లిలో కండ్లు మూసుకుంటే ఫోటోలో తెరిపించినాడు గదా. పోయిన మా అత్త, మీ జేజి మొగంలో అమ్మవారి మచ్చలు తీసేసినాడు. టచింగు అంటారు. సన్న కుంచెతో...”

“అమ్మా.”

“పెద్దోళ్లు చూసి నిన్ను తరిమేస్తారేమోనని తెల్లారేదాకా నాకు కునుకు పట్టలేదు తల్లీ. నిన్న నీ ఫోటో ఎత్తుకపోయి ‘మనమ్మాయి పనిలో ఒక సాలు తప్పింది, సరిచెయ్యి కరుణాకరూ’ అన్యా. నీ కవరు అన్నం మెతుకుతో మళ్లా అట్లనే అంటించినా. నీ మంచికే... తెరవద్దు! ఈడ వద్దు! ఎస్తేరూ!”

“చెయ్యి తియ్యి.”

“ఈ కుదుపుల్లో చినుగుతాది...”

“చెయ్యి తియ్యమ్మా.”

“ఎట్లుండాది? కొంచెమేనా? తుడిస్తే పోతాదా?... నా వైపు చూడు. ఏడువు, తిట్టు. ఏదో ఒకటి అను... ఎస్తేరూ... మాట్లాడే నా తల్లీ...”

నంద్యాలలో బస్సు దిగి ఇద్దరూ కరుణాకర్ స్టూడియోకు పోయారు. స్టూడియోలో ఎస్తేరు మాట్లాడింది గానీ, తల్లితో కాదు.

“రా అక్కా, రా! పాపను గూడా తోడుకోని వచ్చినావే. కూర్చోండి. ఏం పాపా, ఎట్లుండాది నా పని? కనుక్కోమను చూద్దాం మీ బెంగళూరోళ్లను!”

“అన్నా, ముట్టుకునేదానికి ముందు దీన్ని కాపీ తీసి పెట్టుకున్యావా?”

“తీస్తానన్యా. అక్కే, సాయంత్రం బస్సు తప్పిపోతాది, ముందు దిద్దు అని నిలబడనియ్యలేదు. అంతేనా అక్కా?”

“అంతే. నేనే. ఆయప్పదేం లేదు, అంతా నేనే చేయమన్యా.”

“ఈ ఒక్క వరుసే గదా నింపింది?”

“ఒక్క వరుసయితే అరగంట పని పాపా! నింపేదానికి చోటు యాడుండాది? అటు ఇటు సాళ్లు లోపలికి వంగి మీద మీద పడుతాండాయి. ముందు వాటిని బ్లేడుతో సన్నగా గీకినా. తెల్లరంగు పూసినా. ఆరినాక నిటారుగా మళ్లా చుక్కలు పెట్టుకుంటా వచ్చినా. కంటికి అద్దం కట్టుకోని పొద్దు గూకేదాకా ఇదే. అక్క ఆ మూలన కూర్చోని ఏడుస్తాండాది, పాప బతుకు పోతాదని. మనసు పెట్టి చేసినా.”

“అవును. బాగా చేసినావ్.”

“చేసినా గదా మరి!”

“ఆ పెట్టినవి తీసేస్తే కింద పాతవి వస్తాయా అన్నా?”

“పాతవి యాడ్నుంచి వస్తాయి? గీకేసినాక కింద వట్టి కాగితమే.”

“ఏదైనా మందు... నీళ్లు...”

“బ్లేడు తిన్నది మందుకు రాదు పాపా. ఎందుకు తీసేది? ఏమైనా వంకర వచ్చిందా? చెప్పు, ఇప్పుడే సరిచేస్తా.”

“వద్దన్నా. ఇంక సరిచేయొద్దు.”

“కరుణాకరూ, దాని మొగం చూసి మాట్లాడు. ఆ వంకరే కావాలంట వాళ్లకు. ఆ వంకరనే కొలిచిందంట ఏడాది.”

“వంకర... కావాలనా? అక్కా, నువ్వు తప్పు దిద్దమన్యావు గదా!”

“అన్యా. అన్యా. నాకేం తెలుసు? ఎస్తేరూ, నేను గూడా వస్తా నీతో. ఇట్లనే వస్తా, మీ నాయనకు కరుణాకర్ కబురు పంపుతాడు. మీ సారు ముందర నిలబడి, అయ్యా, నా బిడ్డకు తెలియదు, నేనే పాడుచేసినా, కావాలంటే సంతకం పెడతా అని చెప్తా. తల్లి చెప్తే నమ్మరా?”

“నమ్మరక్కా. తల్లి మాట ఎవరు నమ్ముతారు? బిడ్డ కోసం తల్లి ఏదైనా చెప్తాది.”

“నువ్వు నోర్ముయ్యి కరుణాకరూ!”

“పోయొస్తామన్నా.”

“పాపా... ఒక్క నిమిషం. పెండ్లి ఫోటోల మాదిరి అనుకున్యా నేను. మనుషులు ఉన్నట్టు ఉంటే ఎవరికీ నచ్చదు మా తావ. అందుకని...”

“నీ తప్పేం లేదన్నా.”

నంద్యాల స్టేషన్. గుంతకల్లు పోయే రైలు ప్లాట్‌ఫారం మీద ఉంది. ఎస్తేరు కిటికీ పక్కన కూర్చుంది. హన్నమ్మ కిటికీ ఊచలు పట్టుకుని కింద నిలబడింది.

“నీళ్లసీసా నింపినా. ఇదో. మూత గట్టిగా పెట్టినా... పాణ్యం కాడ దోసకాయలు అమ్ముతారు, కొనొద్దు, యాడ కడుగుతారో ఏమో... డోన్‌లో దిగొద్దు. దిగితే రైలు కదులుతాది... ఊరగాయ సీసా నిలువుగానే ఉండాదా?... ఎస్తేరూ, నాలుగు గంటలైంది నువ్వు నాతో మాట్లాడక. పసిపిల్లప్పుడు గూడా అలిగితే ఇంతసేపు ల్యావు...”

“...”

“అసలు నిన్ను ఆ చీకటిగదికి పంపడమే నాకు ఇష్టం ల్యా. రోజూ మోకాళ్ల మీద నిలబడి, ప్రభువా, దాన్ని ఇంటికి తోడుకోని రా అనేదాన్ని. మరి నిజంగా నిన్ను తరిమేస్తారేమోనన్న బయం వచ్చేసరికి తట్టుకోల్యాకపోయినా. నువ్వు తలకాయ వంచుకోని ఆళ్లగడ్డ బస్టాండులో దిగడం నా కండ్ల ముందర కనపడింది. అది వద్దు, ఆ మిషనే మేలు అనుకున్యా. అదీ నేను చేసింది. ఇప్పుడు ఆ దిగేదానికి దారి నేనే ఏసినా గదా?”

“...”

“మీ సారుకు ఏం చెప్తావ్?”

“ఉన్నదే చెప్తా.”

“మాట్లాడినావు! ఉన్నదే అంటే... మా అమ్మ పాడుచేసిందనా?”

“దాచిపెట్టి ఇంటికి తీసుకుపోయినానని. పాడైపోయిందని.”

“అప్పుడు వాళ్లు...”

“అమ్మా.”

“ఆ, చెప్పు తల్లీ.”

“ల్యాబ్‌లో నా బీరువాలో ఇంకో ప్రింటు ఉండాది.”

“...”

“ఇప్పుడే గుర్తుకొచ్చింది. మొదట తీసి, మసగ్గా ఉందని పక్కన పడేసినా. మసకైనా పనికొస్తాది. ఆ సాలు కనపడతాది. సోమవారం అదే పెడతా వాళ్ల ముందర.”

“...”

“బస్సులో లేదన్యా గదా, మర్చిపోయి అన్యా. వింటాండావా? నువ్వు ఇంటికి పోయి నిమ్మళంగా పడుకో. రాత్రంతా దీపం పెట్టుకోని కూర్చోవద్దు.”

“...”

“అదో, గార్డు పచ్చజెండా చూపిస్తాండాడు. ఊచ ఇడిసిపెట్టు. ఏమ్మా, ఎందుకట్ల చూస్తావ్? నిజంగానే ఉండాది. ఎర్ర అట్ట కింద... అమ్మా, ఏమైనా అను. పాణ్యం కాడ ఏమైతాదో చెప్పు, గుంతకల్లులో ఏమైతాదో చెప్పు. ఎప్పుడూ చెప్తావే.”

“...”

“కదిలింది. చెయ్యి తియ్యమ్మా, రైలుతో పరిగెత్తొద్దు! పడతావ్! అమ్మా! మాట్లాడు!”

“ఇంకోటి ఉండాదంటే ఇంకేం తల్లీ... నాకేం బయం ల్యా! ఏమీ బయం ల్యా! నువ్వు నిమ్మళంగా పోయిరా!”